మూడక్షరాల ఘర్షణ

2017 ఫిబ్రవరి 22న అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, ఒలేతా అనే ఊళ్ళో, బార్‌లో కూర్చున్న ఇద్దరు తెలుగు ఇంజనీర్ల మీద ఒకడు తుపాకీ పేల్చాడు. శ్రీనివాస్ కూచిభొట్ల చనిపోయారు. "మా దేశం నుంచి పొండి" అని అరిచి మరీ కాల్చాడని చూసినవాళ్ళు చెప్పారు. మన పత్రికలు ఈ వార్తను తడుముకోకుండా రాశాయి. కాల్చినవాడి పేరు, అతని మాటలు, అతని మీద పెట్టిన కేసు అన్నీ వార్తలో ఉన్నాయి. పైన జాత్యహంకారం అన్న మాటా ఉంది.

నెల దాటిన కొద్ది రోజులకే గ్రేటర్ నోయిడాలో ఆఫ్రికా విద్యార్థులను గుంపులు వెంటాడి కొట్టాయి. ఢిల్లీలోని ఆఫ్రికా దేశాల రాయబారులు అది జాతి విద్వేషమేనని ప్రకటన చేస్తే, ఆ మాటకు మన ప్రభుత్వం నొచ్చుకుంది. జాత్యహంకారం అన్న మాట మన చర్చల్లోంచి అప్పటికే జారిపోయింది. దాని బదులు "మూక దాడి" వచ్చింది. అదే ఏడాది భీమవరం పక్కన పాలకోడేరు మండలం గరగపర్రులో, అంబేడ్కర్ విగ్రహం పెట్టినందుకు తమను వెలివేశారని, పొలం పనులకు పిలవడం మానేశారని దళితులు ఫిర్యాదు చేశారు. దానికి చాలాచోట్ల పడ్డ పేరు "విగ్రహ వివాదం". వివాదం విగ్రహానిదైపోయింది, మనుషులు పక్కకు పోయారు.

మూడు వార్తలూ పుట్టుకను బట్టి మనిషిని కొట్టడం, తరమడం, వెలివేయడం గురించినవే. దూరాన జరిగినదానికి వాక్యంలో కర్త దొరికాడు. దగ్గరికొచ్చేకొద్దీ మాయమయ్యాడు. జాతి వివక్ష మీద మన చర్చలు ఏ మాట వాడాలి, ఏ మాట నిషేధించాలి అన్న దగ్గరే తిరుగుతాయి. అసలు చిక్కు నామవాచకంలో కంటే క్రియలో ఎక్కువ ఉంది.

గోదావరి జిల్లాల పేజీల్లో ఏడాది పొడవునా కనిపించే వార్తకు మచ్చు ఇది:

"మండలంలోని ఓ గ్రామంలో ఇరువర్గాల మధ్య ఘర్షణ చోటుచేసుకుంది. చెరువు వద్ద మాటామాటా పెరగడంతో ఇద్దరికి గాయాలయ్యాయి. ఇరువర్గాల ఫిర్యాదు మేరకు పోలీసులు కేసులు నమోదు చేశారు. ప్రస్తుతం గ్రామంలో పరిస్థితి ప్రశాంతంగా ఉంది."

ఘర్షణ తనకు తానే చోటు చేసుకుంది, బస్సులో సీటు చూసుకుని కూర్చున్నట్టు. మాటలు వాటంతటవే పెరిగాయి. గాయాలు అయ్యాయి, పెళ్ళిలో భోజనాలయ్యాయన్నట్టు. నాలుగు వాక్యాల్లో పని చేసిన కర్త ఒక్కరే: పోలీసులు. ఇక "ఇరువర్గాలు" అన్న మాట కడుపులో ఓ తీర్పే ఉంది. రెండు చేతులు కలిస్తేనే చప్పుడు అన్న సామెత అందులో ముడుచుకుని కూర్చుంది. చెరువులో నీళ్ళు ముంచుకోవడానికి వెళ్ళినవాళ్ళు ఓ వర్గం, వాళ్ళను కర్రలతో కొట్టినవాళ్ళు ఓ వర్గం, ఇద్దరూ సమానం.

ఈ వాక్యం ఇలా తయారవడానికి కారణం ఎవరో ఒకరి దురుద్దేశం అనుకుంటే పొరపాటు. దాని ప్రయాణం చూడాలి. వార్త మొదట పోలీస్ స్టేషన్‌లో పుడుతుంది. దెబ్బలు తిన్నవాళ్ళు ఫిర్యాదు ఇచ్చిన కొన్ని గంటలకే కొట్టినవాళ్ళూ కౌంటర్ కేసు పెడతారు. రెండు ఎఫ్ఐఆర్‌లు ఉన్నాయి కాబట్టి ఎస్సై నోట "ఇరువర్గాలు" వస్తుంది, అది కేసుల లెక్క. మండల విలేకరి దాన్నే రాసుకుంటాడు. అతనికి జీతం ఉండదు, అచ్చయిన లైన్లను బట్టి వచ్చే డబ్బు పెట్రోలుకే సరిపోదు. పండగలకూ పుట్టినరోజులకూ ప్రకటనలు తేవాలన్న టార్గెట్ మాత్రం ఉంటుంది. ఆ ప్రకటనలిచ్చేది చేపల చెరువుల యజమానులు, మిల్లుల వాళ్ళు, ఊరి పెద్దలు. కర్ర పట్టుకున్నవాళ్ళు వాళ్ళ మనుషులే కావచ్చు. ఇతను రేపు మళ్ళీ అదే వీధిలోంచి బండి మీద పోవాలి. వాక్యంలో కర్తను దాచడం అతనికి ప్రాణరక్షణ కూడా. ఆ తర్వాత జిల్లా డెస్కులో సబ్ ఎడిటర్‌కి రాత్రి తొమ్మిదింటికి ఇలాంటివి పాతిక ఐటమ్‌లు వచ్చి పడతాయి. చోటు చాలదు. కోసేటప్పుడు మొదట ఎగిరిపోయేది కారణం చెప్పే వాక్యమే.

డెస్కు చేతిలో ఇంకో సాకుంది: ప్రెస్ కౌన్సిల్ నియమావళి. మామూలుగా కులం పేరు రాయొద్దు, ముఖ్యంగా ఆ కులాన్ని కించపరిచేలా ఉన్నప్పుడు అసలొద్దు అంటుంది అది. మంచి ఉద్దేశమే. అందులోంచే "ఓ సామాజిక వర్గం" పుట్టింది. కానీ ఆ నియమాన్ని సగమే పాటిస్తున్నాం. దెబ్బలు తిన్నవారి కులం "దళిత మహిళ" అని వచ్చేస్తుంది, కొట్టినవారిది రాదు. పైగా ఎన్నికల ముందు అవే పేజీల్లో ఏ నియోజకవర్గంలో ఏ కులానికి ఎన్ని వేల ఓట్లో పట్టికలు వేస్తాం. ఓటుగా కులానికి పేరుంది, కర్ర పట్టుకున్నప్పుడు లేదు.

దీనివల్ల జరిగే నష్టం మాటల్లోనే ఆగిపోదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989 నాటిది. దానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. సాంఘిక, ఆర్థిక బహిష్కరణను నేరంగా పేరు పెట్టి చెప్పే క్లాజు, 3(1)(జెడ్‌సీ), అందులోంచి వచ్చిందే. చెరువు, బావి, కుళాయి లాంటి ఉమ్మడి వనరుల దగ్గర అడ్డుకోవడం 3(1)(జెడ్ఏ) కిందికి వస్తుంది. పదిమందికి కనిపించే, వినిపించే చోట కులం పేరుతో తిట్టడం 3(1)(ఎస్). ఈ కేసుల్లో దర్యాప్తు అధికారి డీఎస్పీ స్థాయికి తగ్గకూడదని 1995 నాటి నిబంధనల్లో 7వది చెబుతుంది. కాబట్టి "ఎస్సై దర్యాప్తు చేస్తున్నారు" అని వార్త ముగిసిందంటే, ఈ చట్టమే పెట్టలేదని లెక్క. ఎందుకు పెట్టలేదన్నది విలేకరి ఫోన్ చేసి అడగాల్సిన ప్రశ్న. "ఘర్షణ" అని రాసేశాక ఆ ప్రశ్న పుట్టదు. ఘర్షణకు డీఎస్పీ అక్కర్లేదు కదా.

శీర్షికలో చోటు లేదనే వాదన కూడా వినిపిస్తుంది. నిజమే, సింగిల్ కాలమ్‌లో వరుసకు పది పన్నెండు అక్షరాలకు మించి పట్టవు. "ఘర్షణ" మూడక్షరాలు. "వివాదం" మూడే. "సాంఘిక బహిష్కరణ" ఎనిమిది. సబ్ ఎడిటర్ చెయ్యి మూడక్షరాల వైపే పోతుంది. కానీ తెలుగులో ఇదే పనికి రెండక్షరాల మాట తరతరాలుగా ఉంది: వెలి. నోటితో అందరూ అంటారు, అచ్చులోకి తేలిగ్గా రానివ్వరు. వెలివేశారు అనగానే వేసిందెవరు అన్న ప్రశ్న దానితోపాటే వస్తుంది మరి. బహిష్కరణకు ఆ బాధ లేదు, అది "కొనసాగుతూ" ఉండగలదు.

2018 ఆగస్టులో కేంద్ర సమాచార ప్రసార శాఖ టీవీ చానళ్ళకు ఓ సలహా పంపింది, "దళిత" మాట మాని షెడ్యూల్డ్ కులం అనండని. బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి చెప్పినదాన్ని బట్టి పంపారు. తెలుగు చానళ్ళలో దళిత మాట నేటికీ నడుస్తూనే ఉంది గానీ, ఆ రెండు మాటల తేడా చూడండి. షెడ్యూల్డ్ కులం అంటే ప్రభుత్వ జాబితాలో ఉన్న పేరు. దళితుడు అంటే నలగగొట్టబడినవాడు. ఎవరు నలగగొట్టారు అన్నది ఆ మాటకు పుట్టుకతో వచ్చిన ప్రశ్న. మాట తీసేస్తే ప్రశ్నా పోతుంది.

ఇక ఇంగ్లిషులో "రేస్" అన్నదానికి మనం పెట్టుకున్న "జాతి" సంగతి. జాతిపిత, జాతీయ జెండా, విముక్త జాతులు, నల్లజాతీయులు, జాతి పశువు, "తక్కువ జాతి" అన్న తిట్టు. సంక్రాంతికి భీమవరం బరుల్లో పుంజులకూ జాతే. ఇన్ని పనులు చేసే మాట చేత ఒక్క పనీ కచ్చితంగా చేయించలేం. ఐక్యరాజ్యసమితి 1965లో ఆమోదించిన జాతి వివక్ష నిర్మూలన ఒడంబడిక మొదటి అధికరణంలో ఐదు మూలాలున్నాయి. వాటిని తెలుగులో పెడితే జాతి, రంగు, పుట్టుక, జాతీయ మూలం, తెగ మూలం అని వస్తుంది. జాతి రెండుసార్లు పడింది, రెండింటికీ వేర్వేరు అర్థాలు. చదివేవాడు ఏం కావాలి?

ఈ అయిదింటిలో మూడోది, పుట్టుక, మనకు ముఖ్యం. దాన్ని ఆ వాక్యంలో చేర్చమన్నది భారతదేశమే. 2001లో డర్బన్‌లో జాతి వివక్ష మీద ప్రపంచ సదస్సు జరిగినప్పుడు, కులాన్ని చర్చలోకి తేవాలని దళిత సంఘాలు పట్టుబట్టాయి. కులం వేరు, జాతి వేరు అని మన ప్రభుత్వం అడ్డం తిరిగింది. మరుసటి ఏడాది ఆ ఒడంబడిక అమలు చూసే ఐక్యరాజ్యసమితి కమిటీ, పుట్టుక అన్నదాంట్లో కులం కూడా వస్తుందని తన 29వ సాధారణ సిఫార్సులో తేల్చి చెప్పింది. మన టీవీల్లో ఈ చర్చ వచ్చినప్పుడల్లా "కులమూ జాతీ ఒకటేనా?" అన్న ప్రశ్న దగ్గర బండి దిగబడిపోతుంది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగర కౌన్సిల్ కుల వివక్షను నిషేధించినప్పుడూ అంతే. అదే ఏడాది అక్టోబరులో కాలిఫోర్నియా గవర్నర్ కుల వివక్ష బిల్లును వెనక్కి పంపినప్పుడూ అంతే. ఇప్పుడున్న చట్టాల్లోనే అది నిషిద్ధమని ఆయన చెప్పిన కారణం మీద ఎవరికీ ఆసక్తి లేకపోయింది. ఒకటేనా కాదా అన్నది పండితులకు వదిలేయవచ్చు. పుట్టుకను బట్టి మనిషికి ఇల్లు అద్దెకివ్వకపోవడం, గ్లాసు వేరుగా పెట్టడం, దేశం వదిలి పొమ్మనడం అనే మూడింటినీ మోసే "పుట్టుక" అన్న మాట మన దగ్గర ఉండగా, బరువైన సంస్కృత సమాసాల కింద ఎందుకు నలగడం?

సంస్కృతం మాట వచ్చింది కాబట్టి ఓ పక్కమాట. వివక్ష అంటే మూలంలో తేడా చూపడం కాదు, చెప్పాలనే కోరిక. వక్త మనసులో ఉన్న ఉద్దేశం. "వివక్షత" అని ఇంకో తోక తగిలించి రాసేవాళ్ళను వ్యాకరణం తెలిసినవాళ్ళు తిట్టుకుంటారు గానీ, పాత అర్థం మాత్రం ఈ వ్యాసానికి అమిరినంతగా మరెక్కడా అమరదు. జాత్యహంకారంలోనూ ఇలాంటి తిరకాసే ఉంది. అహంకారం మనసులో ఉండే గుణం. దాన్ని నిరూపించలేం. "నాకు ఏ అహంకారమూ లేదు, మా ఇంట్లో పాలేరు వాళ్ళవాడే" అనేస్తే చర్చ అయిపోయింది. చేసిన పని గురించి అడగకుండా మనసు గురించి అడిగే మాట అది.

రంగు దగ్గర గోదావరి తీరానికి తనదైన చరిత్ర ఉంది. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించిన కాటన్ ఇప్పటికీ ఇక్కడ దొరే, ఊరూరా విగ్రహాలు. అదే నేల మీద "మాకొద్దీ తెల్లదొరతనం" అన్న గరిమెళ్ళ సత్యనారాయణ పాట మోగితే, రాజమండ్రికి చెందిన కుసుమ ధర్మన్న "మాకొద్దీ నల్లదొరతనం" అని జవాబు రాశారు. ఒక్క విశేషణం మార్చి, కర్తను ఊళ్ళోకి తెచ్చి నిలబెట్టారు. దొరతనం చేసేవాడి రంగు మారినా చేయించుకునేవాడి వీపు మారలేదని చెప్పడానికి ఏ సిద్ధాంతమూ అక్కర్లేకపోయింది. జాతి వివక్షనూ కుల వివక్షనూ ఒకే వాక్యంలో పెట్టడం డర్బన్ దాకా వెళ్ళి నేర్చుకోవాల్సిన విద్య కాదు మనకు.

మండేలాను "నల్ల సూరీడు" అని మురిసిన పత్రికల్లోనే, ఆదివారం పెళ్ళిసంబంధాల పేజీలో "తెల్లని, అందమైన" వధువు కావాలి. మాటల్లోనైతే తెలుపు కూడా కాదు, ఎరుపు: "పిల్ల ఎర్రగా ఉంటుంది." నలుపు నారాయణుడు మెచ్చు అన్న సామెత ఓదార్పుగానే వాడతాం, ఎర్రటి పిల్లకు అలాంటి ఓదార్పు సామెత ఎవరూ కట్టలేదు. 2020లో ఓ క్రీము డబ్బా మీద "ఫెయిర్" పోయి "గ్లో" వచ్చింది. డబ్బాలో ఉన్నదేమీ మారలేదు.

పేరు మారిస్తే, మాట నిషేధిస్తే ఏమవుతుందో చెప్పడానికి కోరంగి కథ ఉంది. కాకినాడకూ యానాంకూ మధ్య, గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట ఉన్న ఊరది. ఒకప్పటి పెద్ద ఓడరేవు. అక్కడి నుంచి ఓడలెక్కి బర్మా పోయిన తెలుగు కూలీలను రంగూన్‌లో "కోరంగీలు" అన్నారు. ఊరి పేరు మనుషుల మీద ముద్రయింది. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు హమాలీలు సమ్మె చేస్తే కంపెనీలు బర్మా వాళ్ళను పనిలో పెట్టుకున్నాయి. సమ్మె తేలాక వాళ్ళను పొమ్మన్నాయి. ఆ చిచ్చు కోరంగీల ఊచకోతలో తేలింది. కూలి తగ్గించుకోవాలని ఒకరి మీద ఒకరిని ఎగదోసిన కంపెనీలు ఆ కథలో వెనక్కి పోయాయి, జాతుల కొట్లాట ముందుకొచ్చింది. అప్పుడూ ఇరువర్గాలే.

అక్కడ భారతీయులను ఈసడించే మాట "కలా". 2017లో ఫేస్‌బుక్ ఆ మాటను ద్వేషపూరితంగా గుర్తించి పోస్టులు తీసేయడం మొదలుపెట్టింది. బర్మీస్‌లో కుర్చీకి "కలాథాయింగ్" అంటారు, పప్పు పేరులోనూ కలా ఉంది. కుర్చీ గురించి, పప్పు గురించి రాసినవాళ్ళ పోస్టులు ఎగిరిపోయాయి, ఆ తిట్టును ఖండిస్తూ రాసినవాళ్ళవీ పోయాయి. ద్వేషించేవాళ్ళకు ఇంకో మాట దొరక్కపోదు.

మన దగ్గర అలాంటి ఇంకో మాట "నైజీరియన్". హైదరాబాద్‌లో మత్తుమందుల కేసులో పట్టుబడ్డ ఆఫ్రికా వాడెవడైనా, పాస్‌పోర్టు ఏ దేశానిదైనా, శీర్షికలో నైజీరియనే. డెల్టాలో రొయ్యల ఫ్యాక్టరీలకూ నాట్లకూ వచ్చే పని మనుషులు ఒడిశా వాళ్ళైనా బెంగాల్ వాళ్ళైనా "బీహార్ బ్యాచ్". దొంగతనం జరిగితే అది "ముఠా" అవుతుంది. కాన్సస్ హంతకుడు తాను కాల్చింది ఇరానీయులనని చెప్పుకున్నాడు. దాన్ని మనవాళ్ళు "ఇరానీయులనుకుని పొరబడ్డాడు" అని రాశారు. పొరపాటు అన్న మాట అక్కడ ఏం చేస్తోందో ఆగి చూడాలి. నిజంగా ఇరానీయులే అయ్యుంటే సరిపోయేదా?

జార్జి ఫ్లాయిడ్ హత్య తర్వాత, 2020 జూన్‌లో అమెరికా వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్ ఇంగ్లిషులో "బ్లాక్" అన్న మాటకు పెద్ద బి రాయాలని నిర్ణయించింది. తెలుగులో పెద్దక్షరాలు లేవు, కాబట్టి ఆ చర్చ మనది కాదని వదిలేశాం. మనకూ పెద్దక్షరం ఉంది. అది క్రియ చివర ఉంటుంది. కలెక్టర్ "చెప్పారు", ఎమ్మెల్యే "పేర్కొన్నారు", అరవై ఏళ్ళ కూలీ "వాపోయాడు", అతని భార్య "బోరున విలపించింది". నిందితుడైన భూస్వామి "వివరణ ఇచ్చారు". డు, రు అన్న రెండక్షరాల్లో ఎవరి మాట సమాచారం, ఎవరి మాట ఏడుపు అన్నది తేలిపోతుంది. ఆ వార్తలో కులం పేరు ఒక్కటీ లేకపోయినా కులం ఉంది. దీన్ని సరిచేయడానికి చట్టమో, సలహా పత్రమో అక్కర్లేదు. డెస్కులో ఓ మామూలు నియమం చాలు: పెద్దవాళ్ళందరికీ "రు", అందరూ "చెప్పారు".

టీవీ చర్చల్లో ఇదే జబ్బు ప్రశ్న రూపంలో వస్తుంది. 2022 మే 18న కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు చేరుస్తూ ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చింది. మే 24న అమలాపురంలో ఆ పేరు వద్దన్న ఆందోళనకారులు మంత్రి, ఎమ్మెల్యే ఇళ్ళు తగలబెట్టారు. ఆ రాత్రి నుంచి చర్చలన్నిటికీ ఒకటే ప్రశ్న: దీని వెనుక ఎవరున్నారు? తలో పార్టీ నుంచి ఒకర్ని కూర్చోబెడితే ఆ ప్రశ్నకు ఎన్ని గంటలైనా గడిచిపోతాయి. అంబేడ్కర్ పేరు ఉంటే ఇబ్బందేమిటి, ఎవరికి అన్నది అడిగితే మాత్రం పార్టీలు సమాధానం చెప్పలేవు, ఊరు చెప్పాలి. పైగా "పచ్చని కోనసీమలో చిచ్చు" అనేశాక, అంతకుముందు ఆ పచ్చదనంలో దళితుల పేట ఎక్కడుందో, దాని శ్మశానానికి దారి ఉందో లేదో అడిగే అవసరమే కనిపించదు. ఇక్కడ ఓ న్యాయం చెప్పాలి. జిల్లా పేరులోంచి అంబేడ్కర్‌ను ఎగరగొట్టి "కోనసీమ జిల్లా" అని డేట్‌లైన్ వేయడాన్ని ప్రతిసారీ కుట్ర అనలేం. పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా కూడా పేజీలో నెల్లూరు జిల్లాగానే మిగిలింది.

చెరువు దగ్గరి మచ్చు వార్తకు మళ్ళీ వద్దాం. ఫిర్యాదు కాపీ చేతిలో ఉంటే ఇలా రాయవచ్చు:

"చెరువులో నీళ్ళు ముంచుకుంటున్న తమను ఊళ్ళోని నలుగురు కర్రలతో కొట్టారని, కులం పేరుతో తిట్టారని పేటకు చెందిన ఇద్దరు మహిళలు ఫిర్యాదు చేశారు. ఇద్దరికీ తల మీద గాయాలున్నాయని ప్రభుత్వాసుపత్రి వైద్యులు చెప్పారు. నిందితులు దీన్ని ఖండించారు. వారి ఫిర్యాదు మీద మరో కేసు నమోదైంది. మహిళల ఫిర్యాదు మీద ఎస్సీ, ఎస్టీ చట్టం కింద పెట్టిన కేసు దర్యాప్తు డీఎస్పీ చేతిలో ఉంది."

ఇందులో తీర్పేమీ లేదు. ఎవరేమన్నారో ఉంది, రెండో కేసూ ఉంది, పరువు నష్టం దావా భయమూ తక్కువే. మచ్చు వార్తకంటే కొన్ని లైన్లు పెరిగి ఉంటుంది, అంతే. శీర్షికకు రెండు వరుసలు. కింది వరుస "ఎస్సీ మహిళల ఫిర్యాదు", తొమ్మిదక్షరాలు. పై వరుస "నీళ్లకు వెళ్తే కొట్టారు". లెక్కపెట్టుకోండి, ఎనిమిదే. "ఇరువర్గాల ఘర్షణ" కూడా ఎనిమిదే.